మూడు చిరుతలు తగ్గిన సంగతి

మా వీధిలో ఏ కోడికి ఒంట్లో బాగాలేకపోయినా ఇప్పటికీ నా దగ్గరికే తీసుకొస్తారు. నేను పశువుల డాక్టర్ని కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టిందే గానీ ఎవరి చెవికీ ఎక్కలేదు. మొదట తెచ్చింది మా మేనత్త. ఆమెది పక్కిల్లే. ఒక రెక్క వేలాడేసిన కోడిని చంకలో పెట్టుకుని వచ్చి, దీనికేమైందో చూడమంది. నాకు తెలియదన్నాను.

"ఇన్నేండ్లు చదివినావు, కోడికి ఏమైందో తెలీదా?"

"నేను అడివి జంతువుల్ని లెక్కబెట్టేదాన్ని అత్తా."

"లెక్కబెట్టేదానికి చదువెందుకు? ముందర నిలబెడితే నేనూ లెక్కబెడతా."

"అవి ముందర నిలబడవు గదా. అందుకే చదువు."

అత్త నన్నూ కోడినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరిలో కోడే నయమనుకుందేమో, దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. రెండు రోజులకు కోడి దానంతటదే కోలుకుంది. పేరు మాత్రం నాకొచ్చింది.

మాది తమిళనాడులోని గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు. ముందు గదిలో సగం మగ్గానిది, మిగిలిన సగం మాది. మా నాయన మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంటే, అమ్మ గోడకానుకుని కండెలకు నూలు చుట్టేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈ రాస్తున్న అక్షరాలు చాలా ఆలస్యంగా, సరిహద్దు దాటి ఆంధ్రా వైపు అడవుల్లో పనిచేసే రోజుల్లో, చెక్‌పోస్టు బోర్డులు చదివి నేర్చుకున్నవి. అందువల్ల నేను మొదట చదవగలిగిన తెలుగు మాటలు 'ఆగుము', 'అనుమతి లేదు'.

పన్నెండో తరగతిలో ఉండగా ఊరి బయట మామిడి తోటలోకి ఒక చిరుత వచ్చింది. ఊరంతా మేడలెక్కింది. మా అత్త గిన్నె, గరిటె పట్టుకుని ఎక్కింది, అవి దేనికో ఆమెకే తెలియాలి. ఫారెస్టు వాళ్లు వచ్చారు, వల తెచ్చారు, పోలీసులు జనాన్ని తోశారు, జనం పోలీసుల్ని తోశారు. ఇంత తతంగం జరుగుతుంటే చిరుత వెనక కంచె దూకి వెళ్లిపోయింది. అది ఊళ్లోకి ఎట్లా వచ్చిందని అందరూ వారం రోజులు మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అది ఎక్కడికి పోయిందో కావాలి. మా నాయన్ని అడిగాను.

"దాని ఇంటికి అది పోయింటాది."

"యాడుండాది దాని ఇల్లు?"

మా నాయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడెను ఆపాడు. "ఎవురికి తెలుసు" అన్నాడు. ఎవరికీ తెలియదంటే ఎట్లా అని నాకు ఒళ్లు మండింది. నా చదువు మొత్తానికీ ఆ మంటే కారణం. దేశానికి సేవ, ప్రకృతి మీద ప్రేమ లాంటివి తర్వాత దరఖాస్తుల్లో రాయడానికి పనికొచ్చాయి.

వేలూరు కాలేజీలో జువాలజీలో చేరాను. రోజూ బస్సులో పోయి రావడం. మూడేళ్లలో బొద్దింకను ఎన్ని రకాలుగా కోయవచ్చో అన్ని రకాలుగానూ కోశాను. చిరుత గురించి అడిగితే లెక్చరరు, అది సిలబస్‌లో లేదని చెప్పారు. మూడో ఏడాది చివర్లో, వన్యప్రాణుల గురించే ఎమ్మెస్సీ ఉందని, కావేరి వైపు ఒక ఊళ్లో చెబుతారని తెలిసింది. ఇంట్లో అడిగాను. అమ్మ, అక్కడ తిండి ఎట్లా ఉంటుందని అడిగింది. మా నాయన మాత్రం రెండు రోజులు గడువు తీసుకున్నాడు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ తీర్పు చెప్పాడు.

"రెండేండ్లు చదువు. ఆ పైన రీసర్చో ఏందో అంటివే, దానికి సీటొస్తే పో. రాలేదంటే బి.ఎడ్. సరేనా?"

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక బడి ఉంది. అందులో సైన్సు టీచరుగా నన్ను చూడాలని మా నాయన ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. నీడపట్టున ఉద్యోగం, సాయంత్రం నాలుగింటికి ఇల్లు, ఆదివారం సెలవు. నేను సరేనన్నాను. ఆ రోజు సరే అనడం తేలిగ్గానే ఉంది, బి.ఎడ్. రెండేళ్ల దూరంలో ఉంది కాబట్టి.

మొదటి ఏడాది అక్కడి ఊళ్లో పాఠాలు. రెండో ఏడాది ఎవరికి వాళ్లు ఒక అడవి చూసుకుని ప్రాజెక్టు చేయాలి. నేను మా ఊరి అవతల ఆంధ్రా సరిహద్దు కొండల్ని ఎంచుకున్నాను. ఇంట్లో ఉండి అడవికి పోయి రావచ్చని నేను సంతోషించాను. ఇంట్లో వాళ్ల సంతోషం ఒక వారం నిలిచింది. చిరుత ఏం తింటుందో తెలియాలంటే దాని పెంట ఏరి, ఎండబెట్టి, అందులోని వెంట్రుకలు చూడాలి. ఎండ బాగా తగిలేది మా మేడ మీదే. అక్కడ అప్పటికే గంజి పెట్టిన నూలు ఆరుతోంది.

మా నాయన పైకి వచ్చి, ఒకవైపు తన నూలునూ మరోవైపు నా పళ్లేలనూ చూశాడు. "తిన్నది అది. ఎండబెట్టేది మనమా?" అని, నూలు తీసుకుని కిందికి దిగిపోయాడు.

పెంట వల్ల ఏం తిన్నాయో తెలుస్తుంది గానీ, ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ఫోటోలు కావాలి. దారి పక్క చెట్టుకు కెమెరా కట్టి వస్తే, దాని ముందు ఏది కదిలినా అదే ఫోటో తీస్తుంది. చిరుత ఒంటి మీది మచ్చలు ఒకదానికున్నట్టు ఇంకొకదానికి ఉండవు. ఆ మచ్చల్ని పోల్చి ఇది వేరు, అది వేరు అని తేల్చాలి. మామూలుగా దారికి రెండు పక్కలా రెండు కెమెరాలు కట్టి, జంతువు రెండు వైపులూ ఒకేసారి తీస్తారు. నాకు అరువు దొరికిన కెమెరాలు కొన్నే. చోటుకు ఒకటి చొప్పున కట్టాను. అందువల్ల ఒకసారి చిరుత ఎడమ పక్క పడేది, ఒకసారి కుడి పక్క.

నాకు గైడుగా ఉన్న సారు తాబేళ్ల మనిషి. జీవితమంతా తాబేళ్లతో గడిపి, వాటి తొందరే ఆయనకూ అబ్బింది. నేను పంపినవన్నీ నిదానంగా చదివి, మెల్లగా, బాగుందని జవాబిచ్చేవారు. చిరుతల విషయం నన్నే చూసుకోమన్నారు. చూసుకున్నాను.

ఇక్కడ లుంగీ గురించి చెప్పాలి. లుంగీకి లోపలి పక్క, బయటి పక్క అని ఉండవు. నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి ఎటు తిప్పినా అదే గడి, అదే చార. మా ఇంట్లో పుట్టిన పిల్ల దేన్నైనా తిరగేసి చూస్తే అటు కూడా ఇట్లాగే ఉంటుందనుకుంటుంది. చిరుత విషయంలోనూ నేను అదే అనుకున్నాను. అనుకుంటున్నానని నాకే తెలియదు, అదీ దీంట్లో ఇబ్బంది. ఎడమ పక్క మచ్చలు వేరు, కుడి పక్క మచ్చలు వేరు అని పుస్తకంలో స్పష్టంగా ఉంది. చదివాను, కింద గీత కూడా గీశాను. గీసి, కంప్యూటర్లో కుడి పక్క ఫోటోల్ని అద్దంలో చూసినట్టు తిప్పి, ఎడమ పక్క ఫోటోలతో పోల్చాను. ఎక్కడా కలవలేదు. కలవనప్పుడు వేరే చిరుతే కదా అని, ఒక్కోదానికీ ఒక్కో అంకె ఇచ్చుకుంటూ పోయాను.

ఏడు వచ్చాయి.

నాతో కొండ ఎక్కే ఫారెస్టు వాచరు పెద్దాయన ఒక్కడే అనుమానపడ్డాడు. "ఏడా? నేను పుట్టినప్పటి నుంచీ ఈ కొండలోనే తిరగతా ఉండాను. అన్ని యాడుండాయమ్మా?" అన్నాడు. నేను ఆయనకు అరగంట పాఠం చెప్పాను. కళ్లతో చూసేది వేరు, శాస్త్రం వేరు అని కూడా అన్నాను. పాపం, ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఏడని మా అత్తకు చెప్పడం రెండో తప్పు. సాయంత్రానికి అది టీ అంగడి చేరింది. మర్నాడు బస్సులో ఒకామె ఇంకొకామెతో పదిహేడంట అని చెబుతుంటే విన్నాను. నేను కల్పించుకుని ఏడేనన్నాను. నీకెట్లా తెలుసని ఆమె అడిగింది. లెక్కబెట్టింది నేనే అంటే, "లెక్కబెట్టేంత సేపు అవి ఊరికే ఉండినాయా?" అని నవ్వింది.

ఆ ఏడు చిరుతలతోనే బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థకు దరఖాస్తు పెట్టాను. చిన్న ప్రాంతంలో ఏడు చిరుతలు అనేసరికి ఎవరైనా ఒకసారి తలెత్తి చూస్తారు. వాళ్లూ చూశారు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. నేను పెట్టిన దరఖాస్తుల్లో పిలుపు వచ్చింది అదొక్కటే. ఇది పోతే బి.ఎడ్. ఫారం బీరువాలో సిద్ధంగా ఉంది. మా నాయన ముందు జాగ్రత్తగా దానికి నా ఫోటో కూడా అంటించి పెట్టాడు.

ఇంటర్వ్యూకు మూడు రోజులుండగా మా మగ్గం మీద పడుగు, అంటే నిలువు నూలు, అయిపోయింది. కొత్త పడుగు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. చేతిలో పని లేని మా నాయన కన్నా ప్రమాదకరమైన మనిషి మా ఊళ్లో లేడు. పొద్దున్నే పంపు విప్పాడు, బిగించలేకపోయాడు. మధ్యాహ్నం నేను ఫోటోలన్నీ అచ్చు వేయించి తెచ్చి, ముందు గదిలో నేల మీద చిరుతకు ఒకటి చొప్పున ఏడు వరసలుగా పరుచుకుని చదువుకుంటుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అంతకుముందు ఒక్కసారి కూడా ఆ ఫోటోలు చూసిన మనిషి కాదు.

"ఈ పక్కన ఏసినవేంది?"

"అవి పనికిరానివి నాయనా. సరిగ్గా పడలేదు."

మా నాయన ఆ పనికిరాని కుప్పే తీసుకున్నాడు. గూట్లోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తెచ్చుకున్నాడు. ఒక ఫోటోలో చిరుత దారి మధ్య వీపు ఇటు పెట్టి కూర్చుని కాలు నాక్కుంటోంది. ముఖం కనపడలేదని నేను దాన్ని పక్కన పడేశాను. మా నాయన దాన్ని పట్టుకుని, వరసల మీద వంగి, ఫోటో ఫోటోకూ భూతద్దం జరుపుకుంటూ పోయాడు. గుడ్డలో పోగు తప్పిన చోటు వెతికేటప్పుడు కూడా ఆయన అట్లాగే వంగుతాడు. అమ్మ కాఫీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

చాలాసేపటికి, "రెండో వరసా ఐదో వరసా ఒకటే" అన్నాడు.

"కాదు నాయనా. రెండోది ఎడమ పక్క, ఐదోది కుడి పక్క. తిప్పి చూసినా, కలవలేదు."

"ఎందుకు కలవాల? దాన్నేమన్నా మగ్గం మీద నేసినారా?" అని భూతద్దం నా చేతికిచ్చాడు. "ఈ వీపు చూడు. ఈ పక్క దిగితే రెండోది, ఆ పక్క దిగితే ఐదోది. ఒకే చర్మం."

చూశాను. వీపుకు ఎడమవైపు జారిన మచ్చలు రెండో చిరుతవి. కుడివైపు జారినవి ఐదో చిరుతవి. నేను పుస్తకంలో గీసిన గీత అప్పుడు కళ్ల ముందు కనిపించింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం నా మీద రావలసింది. మా నాయన మీద వచ్చింది. "నీకు బి.ఎడ్. కావాల. అందుకే నా చిరుతల్ని తగ్గిస్తా ఉండావు" అని అరిచాను.

"నేను తగ్గించలే. అవి ఉండేదే అన్ని" అన్నాడు మా నాయన.

అమ్మ కండె చుడుతూనే, "ఎన్నుంటే ఏమిలే, మనకెందుకు అన్ని చిరుతలు" అంది.

నేను ఏడుస్తూ ఆ కుప్పంతా మళ్లీ వెతికాను. ఒకటి కెమెరా మీదికి ఎదురుగా నడిచొచ్చి రెండు భుజాలూ చూపించింది. ఇంకొకటి గెంతుతూ ఒళ్లు మెలితిప్పింది. ఒకటీ ఆరూ కలిసిపోయాయి. మూడూ ఏడూ కలిసిపోయాయి. సాయంత్రం దీపం పెట్టే వేళకు నాకు నాలుగు చిరుతలు మిగిలాయి. దరఖాస్తులో ఏడు అని నా సంతకంతో ఉంది.

"చెప్పకుండా ఉంటే?" అన్నాను. నిజంగానే అడిగాను. ఆ మూడు రోజుల్లో నా అంత నీతిలేని మనిషి ఇంకొకరు లేరు.

"పోయి చెప్పు" అన్నాడు మా నాయన.

"చెప్తే సీటియ్యరు."

"ఇయ్యకపోతే ఇయ్యరు."

అంత తేలిగ్గా అన్నాడంటే ఆయనకు కావలసింది అదేనని నాకు రూఢి అయిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నానికి రమ్మని కూడా అమ్మ ద్వారానే చెప్పించాను.

అయినా బెంగళూరుకు తోడు ఆయనే వచ్చాడు. మా ఊరికి బెంగళూరు పడమర. మంచి రైళ్లు మా ఊళ్లో ఆగవు కాబట్టి, తూర్పుకు బస్సెక్కి కాట్పాడి పోయి, అక్కడ రైలెక్కి, మళ్లీ మా ఊరి మీదుగానే వెనక్కి పోవాలి. రైలు గుడియాత్తం స్టేషను దాటేటప్పుడు మా నాయన లేచి నిలబడి కిటికీలోంచి చూశాడు. బయలుదేరిన చోటికి ఇంత కష్టపడి వచ్చినా దిగనివ్వరు కదా అని ఎదుటి సీటాయనతో అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మాట్లాడటం లేదు కాబట్టి అటు తిరిగి నవ్వుకున్నాను.

ఇంటర్వ్యూ గదిలో ఐదుగురున్నారు. మధ్యలో తెల్లజుట్టు మేడం ఒకామె. నేను కూర్చోకముందే, వచ్చీరాని ఇంగ్లీషులో, నేను రాసింది ఏడు, ఉన్నవి నాలుగు అని చెప్పేశాను. కూర్చుంటే ధైర్యం దిగజారిపోతుందేమోనని నిలబడే చెప్పాను. బల్ల మీది నా దరఖాస్తు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. మేడం, మూడు చిరుతలు ఎట్లా ఎక్కువ వచ్చాయని అడిగింది. లుంగీ గురించి చెప్పాను. చేతులతో లుంగీ తిప్పి చూపించాను కూడా. చివర కూర్చున్న సారు, మరి తప్పు ఎవరు కనిపెట్టారన్నాడు.

"మా నాయన."

"ఆయన ఏం చేస్తారు?"

"లుంగీలు నేస్తాడు. బయట కూర్చున్నాడు."

ఐదుగురూ నవ్వారు. అది ఏ రకం నవ్వో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నల్లో సగానికి నేను నీళ్లు నమిలాను. కాసేపు బయట ఉండమన్నారు. వస్తే మా నాయన బెంచీ మీదినుంచి లేచి, "చెప్పినావా?" అన్నాడు. చెప్పినానన్నాను. నేను ముఖం కడుక్కోవడానికి పోయి వచ్చేసరికి ఆయన మళ్లీ కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, గోడ మీది పక్షుల పటాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

మూడు వారాలకు మెయిలు వచ్చింది. సీటు ఇచ్చారు. చదివి వినిపిస్తే మా నాయన, "నాలుగు అని ఉండాదా దాంట్లో?" అని అడిగాడు. సీటు అని ఉందన్నాను. బీరువాలోని ఫారం నుంచి నా ఫోటో జాగ్రత్తగా ఊడదీసి, హాస్టలు ఫారానికి పనికొస్తుందని నాకిచ్చాడు. మా అత్త మాత్రం చాలా రోజులు మనసు కష్టపెట్టుకుంది. ఊరందరికీ ఏడని చెప్పిన మనిషి, ఇప్పుడు నాలుగని ఏ ముఖంతో చెబుతుంది.

తెల్లజుట్టు మేడమే నాకు గైడయింది. ఆరేడు నెలల తర్వాత ఒక రోజు అడవిలో, కెమెరాల్లో బ్యాటరీలు మారుస్తూ, "మీ నాన్నగారు అబద్ధాలు బాగా చెబుతారు" అంది తమిళంలో.

మా నాయన మీద ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. ఏమిటని అడిగాను. ఇంటర్వ్యూ రోజు నేను ముఖం కడుక్కోవడానికి పోయినప్పుడు ఆమె బయటికి వచ్చి ఆయన్ని పలకరించిందట. చిరుతల తప్పు కనిపెట్టింది మీరేనట కదా అని అడిగిందట. మా నాయన లేచి చేతులు కట్టుకుని, లేదమ్మా, నేను ఆ ఫోటోలు చూడనే లేదు, నాకేం తెలుసు, అంతా మా పాపే కనిపెట్టింది అన్నాడట.

"లోపల నువ్వు ఆయనంటావు, బయట ఆయన నువ్వంటాడు. సీటు అందుకు ఇవ్వలేదులే. కానీ ఆ పూటంతా మేము నవ్వుకున్నాం" అంది మేడం.

నేను చేతిలోని బ్యాటరీని తలకిందులుగా పెట్టి, మళ్లీ తీసి సరిగ్గా పెట్టాను. ఆయనకు బి.ఎడ్. కావాలని నేను నమ్మాను. రెండు రోజులు ఆయన ముఖం చూడకుండా తిన్నాను. నా మీద నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

తర్వాతి సెలవుకు ఇంటికి పోయినప్పుడు అడిగాను. మా నాయన మగ్గం మీదున్నాడు.

"ఫోటోలు చూడలేదని చెప్పినావంట?"

నాడె ఆగింది. ఆయన తెగిన పోగు ఒకటి వెతికి ముడివేశాడు. తెగింది నిజంగానే తెగిందో, ఆలోచించుకోవడానికి తెంపుకున్నాడో నాకు తెలియదు.

"నేనే కనిపెట్టినానంటే, సీటు నాకిస్తారు గదా" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. గోడ దగ్గర అమ్మా నవ్వింది. మా నాయన నవ్వలేదు. గుంటలోంచి తలెత్తి నా వైపు చూశాడు.

"ఇచ్చింటే పోయింటాను" అన్నాడు.